పెద్ద తల, చిన్న కాళ్ళు

భూపాలపల్లిలో కొత్తగా కట్టిన లాడ్జి మెట్లెక్కుతుంటే మలుపు దగ్గర గోడ మీద ఒక ఇంగ్లీషు సైనికాధికారి బొమ్మ కనిపించింది. ఎర్రకోటు, బంగారు జరీ, నేలకు రాసుకుంటున్న కత్తి. తల గుమ్మడికాయంత ఉంది, కాళ్ళేమో అగ్గిపుల్లలంత. రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏందక్కా, మోకాలు వట్టేసిందా?" అని వెనక నుంచి మా చెల్లెలు అడిగింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే దాని కొడుక్కి ఆ సాయంత్రమే నిశ్చితార్థం. చేతుల్లో పూలబుట్ట, బుర్రలో సవాలక్ష పనులు. "ఏం లేదు, నువ్వు నడు" అని దాన్ని పైకి పంపించి, నేను కిందికి దిగి కౌంటర్ దగ్గరున్నతన్ని ఆ బొమ్మ ఎవరిదని అడిగాను.

"ఎవలో ఇంగ్లీష్ దొర మేడం. మా ఓనర్ సాబ్ హైదరాబాద్ నుంచి ఒక కట్ట తెప్పిచ్చిండు. ఫ్రేములు మంచిగున్నయని."

మళ్ళీ మెట్లెక్కి బొమ్మ ముందుకు వచ్చాను. ఫ్రేములు నిజంగానే బాగున్నాయి. మా చరిత్ర సార్ ఉంటే ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ దొరను పైనుంచి కింది దాకా చూసి, "గీయనెవలు చెల్లె, మన కర్నల్ తమ్ముడా?" అనేవారు. అనడానికి ఆయన లేరు. కిందటి చలికాలంలో కన్నుమూశారు.

మానుకోటలో ఒక కాలేజీలో చాలా ఏళ్ళు ఇద్దరం కలిసి పనిచేశాం. ఆయన చరిత్ర, నేను తెలుగు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఉద్యోగంలో చేరిన వారంలోనే నన్ను మేడం అనడం మానేసి చెల్లె అనడం మొదలుపెట్టారు. నేను మాత్రం చివరిదాకా సార్ అనే అన్నాను, ఆయన భార్యను వదినా అన్నాను. సన్నటి మనిషి. టీ కప్పులో తాగడం ఆయనకు రాదు, సాసర్లో పోసుకోవాల్సిందే. చెవి మీద పెన్సిల్ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి ముఖమైనా ఆసక్తిగా అనిపిస్తే "జర ఆగు" అనేవారు. అన్నారంటే ఆ మనిషి కదలకూడదు.

ఒకరోజు స్టాఫ్‌రూంలో పెద్ద కవరొకటి బల్ల మీద పెట్టారు. దవాఖానలో ఎక్స్‌రేలు పెట్టి ఇస్తారే, ఆ కవరు. ఆయనకేదో జబ్బు చేసిందని నేను కంగారుపడ్డాను. "చూస్తవా చెల్లె, నా ఎక్స్‌రేలు?" అని అందులోంచి ఒక్కొక్క కాగితమే తీసి పరిచారు. అంచులు పసుపుబారిన రంగుల బొమ్మలు. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఒక వారపత్రిక వారానికో పెద్దమనిషిని ఇలా గీసి అచ్చువేసేదట. సగంమంది సైనికాధికార్లే. ఆదివారంపూట హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగేస్తుంటే ఒక చినిగిన సంపుటం దొరికిందట. ఇంట్లో వదిన బంగారం దాచుకున్నదానికంటే జాగ్రత్తగా వాటిని దాచుకున్నారు.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైనది ఒక కర్నల్ బొమ్మ. పొట్ట ముందుకు, పిరుదులు వెనక్కి, తెల్లటి మీసం, నిద్రపోతున్నాడో మేల్కొన్నాడో తెలియని కళ్ళు, ఛాతీ నిండా పతకాలు. ఇంత శరీరం కింద రెండు పుల్లకాళ్ళు. అడుగున ఇంగ్లీషులో చిన్న వాక్యం. దాన్ని సార్ తెలుగులో ఇలా చెప్పేవారు: "యుద్ధంల ఈయన గూడ ఉండె." అంతే. ఏం చేశాడని కాదు. ఉన్నాడు, పతకాలొచ్చాయి. ఆ మాట చెప్పి ఆయన నవ్వే నవ్వుకు సాసర్లో టీ ఒలికిపోయేది.

నాకు మొదట అవి నచ్చలేదు. మనిషి ఆకారాన్ని ఎగతాళి చేయడం ఏం సంస్కారమని ముఖం మీదే అన్నాను. నా నోటికి అప్పుడూ ఇప్పుడూ అడ్డం లేదు.

"నేను మనిషిని చూసి నవ్వుతలేను చెల్లె, కోటును చూసి నవ్వుతున్న" అన్నారాయన. "మొకం చూడు. పెద్దగ గీసిండు గని మొకం అచ్చం వానిదే. వాని పెండ్లాం చూసినా గుర్తువడ్తది. గుర్తువట్టకపోతే అది ఎక్కిరింపు కాదు, అబద్ధం. ఇంకో ముచ్చట చెప్పనా? బొమ్మ వచ్చిన ఆఫీసర్లు కోపానికి రాలేదట. కొనుక్కపోయి ఇంట్ల గోడకు పెట్టుకున్నరట. బొమ్మ రానోళ్ళే బాధపడ్డరట."

ఆ కర్నల్‌ను ఆయన క్లాసుకు తీసుకెళ్ళేవారు. ఈస్టిండియా కంపెనీ పాఠం వచ్చిందంటే పక్కగదిలో నా పద్యం అటకెక్కాల్సిందే, అంత నవ్వులు. ఒకసారి కిటికీలోంచి చూశాను. పొట్ట ముందుకు పెట్టి, చంకలో పొడుగు స్కేలు కత్తిలా ఇరికించుకుని, చిన్నచిన్న అడుగులతో బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నారు. గార్ల నుంచి, తండాల నుంచి బస్సులు మారి వచ్చిన పిల్లలు బెంచీల మీద పడి దొర్లుతున్నారు. ఉన్నట్టుండి ఆగి, "మన తాతలు గీయనకు సలాం కొట్టినరు బిడ్డా. ఎందుకు కొట్టినరు? కాళ్ళను ఎవ్వలు చూడలే. అందరు తలకాయే చూసినరు" అన్నారు. దొర్లుతున్న పిల్లలు లేచి సరిగా కూర్చున్నారు.

మా అందరినీ ఆయన ఆ వరసలోనే గీశారు. పాత ప్రశ్నాపత్రాల వెనకవైపు స్టాఫ్ మొత్తం ఎర్రకోట్లలో నిలబడి ఉండేది. ఎవరైనా కాస్త గొప్పలు పోతే చాలు, "జర ఆగు, నీ కోటు కనవడ్తంది" అనేవారు. నాకు జిల్లాలో ఏదో సన్మానం జరిగినప్పుడు శాలువా తీయకుండా స్టాఫ్‌రూంలోకి వచ్చానని నాకూ ఆ మాట పడింది. ప్రిన్సిపల్ గారిని ఆయన కుర్చీతో సహా గుర్రమెక్కించి జనరల్ చేశారు. ఆ కాగితం ఎలాగో ఆయన చేతిలో పడింది. ఇక సార్‌ని గార్ల అవతలికి బదిలీ చేయిస్తారనుకున్నాం. ప్రిన్సిపల్ దాన్ని చాలాసేపు చూసి, మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన రిటైరైన రోజు ఇంటిదాకా సాగనంపబోయి చూస్తే హాల్లో అది అద్దం కట్టించి ఉంది. సార్ నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు.

ఇలాంటి మనిషి కొడుకు మిల్ట్రీలో చేరతానన్నాడు.

ఒక్కడే కొడుకు. తండ్రికంటే జానెడు ఎత్తు. వాళ్ళింట్లో నవారు మంచం వాడికి చాలేది కాదు. కాళ్ళవైపు వదిన ఒక స్టూలు వేసి దాని మీద దిండు పెట్టేది. డిగ్రీలో ఉండగానే తెల్లారకముందే గ్రౌండులో పరుగులు మొదలుపెట్టాడు. సార్ స్కూటర్ మీద వెంట వెళ్ళి, టైం చూసి చెప్పేవారు. మనసులో ఇష్టం లేదు. ఆ సంగతి నాకు చెప్పారు, కొడుక్కి చెప్పలేదు. "వాడు ఉరుకుతుంటే చూడాలె చెల్లె. ఒద్దని ఎట్లంట?" అన్నారు.

వదిన మాత్రం తప్పంతా మొగుడిదే అంది. "గా ఎర్రకోటోళ్ళ బొమ్మలు చిన్నప్పటిసంది చూపిచ్చి చూపిచ్చి నా కొడుకును మిల్ట్రీల కలిపిండు" అని నాకు టీ ఇస్తూ దెప్పింది. "నవ్వుకునేటందుకు చూపిచ్చిన, చేరుమని చూపిచ్చిన్నా?" అని ఆయన గొణిగారు. కొడుకు గుమ్మంలో తల వంచి లోపలికొస్తూ ఇద్దరినీ చూసి నవ్వాడు. ఆ ఇంట్లో ఏ గుమ్మమైనా వాడు తల వంచాల్సిందే.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. యూనిఫాం వేసుకుని ముందుగదిలో నిలబడి, "బాపూ, ఊరందరిని గీస్తవు. నన్ను గియ్యవా?" అన్నాడు.

సార్ చెవి మీది పెన్సిల్ తీశారు. "జర ఆగు" అన్నారు. వాడు కదలకుండా నిలబడ్డాడు. ఒక కన్ను మూసి చూశారు. చూస్తూనే ఉన్నారు. వదిన వంటింట్లోంచి చెంచా పట్టుకునే వచ్చింది. చివరికి ఆయన పెన్సిల్ మళ్ళీ చెవి మీద పెట్టేశారు.

"నీ కోటింక కనవడ్తలేదురా. పెద్ద ఆఫీసర్‌వైనంక గీస్త, పో."

అందరం నవ్వాం. వాడు అలిగినట్టు నటించి అన్నం పెట్టమని తల్లిని సతాయించాడు. సార్ నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరికీ రాలేదని అప్పుడు గదిలో నా ఒక్కదానికే తెలుసనుకుంటాను.

వాడు ఆఫీసర్ కాలేదు. ఎక్కడో మంచుకొండల్లో వాళ్ళ బండి లోయలో పడింది. మాకు తెలిసింది అంతే. జెండా కప్పిన పెట్టె దంతాలపల్లి దారిలో ఉన్న వాళ్ళ సొంతూరికి వచ్చింది. తెరవొద్దన్నారు. చెప్పిన ఆఫీసర్ మంచి పిల్లవాడే, అతని కళ్ళలోనూ నీళ్ళున్నాయి. వదిన పెట్టె మూత మీద చెంప ఆనించి, "మొకం ఒక్కసారి చూపియ్యుండ్రయ్యా" అని ఒకటే మాట అడిగింది. సార్ ఆమె వెనక నిలబడ్డారు. అడగమని ఆమె వెనక్కి తిరిగి ఆయన వైపు చూసింది. ఆయన అడిగారు కూడా. ఆ పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. నేను ఆ ఊపడం ఇప్పటికీ మరిచిపోలేదు.

విగ్రహం పెట్టాలన్నది ఊరి మాట. సర్పంచ్, కుర్రవాడి స్నేహితులు కలిసి ఇంటికొచ్చి చెప్పారు. సార్ ముఖంలో ఏమీ లేదు. వదిన మాత్రం పెట్టె వచ్చిన రోజు తర్వాత మొదటిసారి తల ఎత్తింది. "పెట్టుండ్రి నాయినా. పెట్టెల మొకం చూడనియ్యలే. బొమ్మలనన్న చూసుకుంట" అంది.

ఆ మాటతో సార్ మెడకు ఉరి పడింది. బొమ్మలో ముఖం అచ్చం వాడిదే అయి ఉండాలి. ఆమె చూస్తే గుర్తుపట్టాలి. లేకపోతే అది అబద్ధం. ఎవరో లండన్ చిత్రకారుడి గురించి చెప్పిన మాట ఇప్పుడు ఆయన ఇంటికే వచ్చి కూర్చుంది.

విగ్రహాలు చేసేవాళ్ళు ఫోటో అడిగారు. పనికొచ్చే ఫోటో ఒక్కటీ లేదు. ఫోన్లో ఉన్నవాటిలో ఒకదాంట్లో నల్లకళ్ళద్దాలు, ఒకదాంట్లో పగలబడి నవ్వు, ఒకదాంట్లో సగం ముఖం. మిగిలింది బిగుసుకుపోయిన పాస్‌పోర్ట్ ఫోటో. "గదాంట్ల వాడు లేడు. నేనే గీసిస్త" అన్నారు సార్. అంతకంటే సరైనవాళ్ళెవరని నేనూ సంబరపడ్డాను.

నాలుగైదు రోజుల తర్వాత వాళ్ళింటికి వెళితే ముందుగది నిండా కాగితాలు. వదిన లోపల పడుకుని ఉంది. సార్ మాట్లాడకుండా ఒక్కొక్క కాగితమే నాకు అందించారు. అన్నిట్లోనూ వాడే. ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. కానీ ప్రతిదాంట్లో గడ్డం కాస్త ముందుకొచ్చింది, చెవులు కాస్త విచ్చుకున్నాయి, టోపీ కాస్త పెద్దదైంది. ఎవరో వాడిని చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఒకదాంట్లో జాగ్రత్తగా, ఒక్కో గీతా తడిమి తడిమి గీశారు. అది మరీ అన్యాయంగా ఉంది, ఎవరో తెలియని పిల్లవాడు.

"చెయ్యి నా మాట ఇంటలేదు చెల్లె" అన్నారు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూపించారు. "ఇన్నేండ్లు ఒకటే తొవ్వల నడిపిచ్చిన. ఇయ్యాల ఇంకో తొవ్వ పొమ్మంటే పోతలేదు. కోటు లేని మొకం గీసుడు దీనికి రాదు."

నేను ఆ కాగితాలన్నీ ఏరి కట్టగట్టాను. పాస్‌పోర్ట్ ఫోటోనే వెళ్ళింది.

జనగామ దగ్గర రోడ్డు పక్కనున్న విగ్రహాల షెడ్డుకు సార్ నన్ను తోడు రమ్మన్నారు. తొర్రూరు మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. షెడ్డు బయట తలల్లేని నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. చెయ్యి చాపినవాళ్ళు, పుస్తకం పట్టుకున్నవాళ్ళు, దండం పెడుతున్నవాళ్ళు. తలలు విడిగా ఒక బల్ల మీద ఆరుతున్నాయి. విగ్రహాలు చేసే అతను మంచిగా మాట్లాడాడు, కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"బాడీ అచ్చులు మా దగ్గర తయారుగ ఉంటయి సార్. తలకాయ ఒక్కటే కొత్తగ చేస్తం" అన్నాడు.

మా బొమ్మకని తీసిపెట్టిన ఒళ్ళు చూపించాడు. అది ఎవరో నాయకుడి అచ్చులోంచి తీసినది. కోటుకు గుండీలు, బెల్టు, భుజాల మీద పట్టీలు పెట్టి యూనిఫాం చేశారు. చాపిన చెయ్యి అలాగే ఉంది; ఆ చేతికి తుపాకీ తగిలిస్తానన్నాడు. తల పక్కన స్టూలు మీద ఉంది. ఆ తల ఈ ఒంటికి చాలా పెద్దది. నాకే అర్థమైంది, ఇక సార్‌కు అర్థం కాకుండా ఉంటుందా? తల ఆ ఒంటి మీద పెట్టి చూపించాడు. మా ఎదురుగా కర్నల్ నిలబడ్డాడు. ఎర్రకోటు ఒక్కటే తక్కువ.

సార్ ఒక కన్ను మూయలేదు. రెండు కళ్ళతోనే చూశారు.

"దిమ్మె మీద నిలవెడ్తరు గద సార్" అని అతను సర్దిచెప్పాడు. "ఎత్తు మీద తల చిన్నగ కనవడ్తది. అందుకే పెద్దగ చేస్తం. దీనికి సరిపోయే పెద్ద బాడీ అచ్చు పలిగింది. కొత్త అచ్చు పోసేసరికి టైం వడ్తది. మీ తారీఖు దగ్గరికొచ్చె."

సార్ ఆ సిమెంటు ఒంటి దగ్గర గొంతుకూర్చుని, మోకాలి నుంచి పాదం దాకా జానతో కొలిచారు. అక్కడే కూర్చుని, తల ఎత్తకుండా అడిగారు.

"కాళ్ళు జర పొడుగు చెయ్యరాదా బిడ్డా?"

"కాళ్ళను ఎవ్వలు చూస్తరు సార్? అందరు మొకమే చూస్తరు."

పాపం, అతను ఓదార్పుగానే అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఇదేం పద్ధతి, ఒకరి ఒంటికి ఇంకొకరి తల ఏమిటి, కన్నతల్లి చూడాల్సిన బొమ్మ ఇది అని గట్టిగానే అరిచాను. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సార్ లేచి, ప్యాంటుకంటిన సిమెంటు దులుపుకుని, "నడు చెల్లె, బస్సు పోతది" అన్నారు.

మర్నాడు సర్పంచ్‌కు ఫోన్ చేయమని నేనే బలవంతం చేశాను. ఫోన్ ఎందుకని అతను మనిషే వచ్చాడు. అంతా విని, "మీరు ఆపుమంటే ఆపుత సార్. మీ కొడుకు" అన్నాడు. మళ్ళీ తనే, "పోరగాండ్లు దిమ్మె వాళ్ళ చేతులతోని కట్టుకున్నరు. ఒక్క మేస్త్రీని గూడ పెట్టలే. అమ్మ రోజు అడుగుతంది, ఎప్పుడస్తడని. ఊరికి ఏం చెప్పాలెనో మీరే చెప్పుండ్రి, గట్లనే చెప్త" అన్నాడు. కసురుకుని ఉంటే పోట్లాడేవాళ్ళం. అతనలా తల వంచుకుని కూర్చుంటే ఏం చేస్తాం? ఎప్పుడొస్తాడని అడుగుతోందన్న మాట దగ్గర సార్ కళ్ళు మూసుకున్నారు. "ఆపకుండ్రి" అన్నారు.

ఆవిష్కరణ రోజు ఊరంతా వచ్చింది. పక్క తండాల నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. డప్పులు, జెండాలు, మైకులో దేశభక్తి. ఎవరో పెద్దనాయకుడు తాడు లాగాడు. గుడ్డ జారింది. దిమ్మె మీద ఆకుపచ్చ యూనిఫాం, నిగనిగలాడే నల్లబూట్లు, అంతెత్తున ఆ తల. చెయ్యి ముందుకు చాపి ఉంది. తుపాకీ భుజానికి తగిలించారు గానీ వేలు మాత్రం ఇంకా జనానికి ఏదో వాగ్దానం చేస్తూనే ఉంది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఒక్కొక్క క్షణం ఒక్కోలా అనిపించింది.

వదిన మెట్లెక్కింది. బూట్లు పట్టుకుంది. తల ఎత్తి ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. మైకు ఆగిపోయింది. ఆమె కళ్ళలో ఒక సందేహం రావడం నేను చూశాను. చూడకపోతే బాగుండేది. మెల్లగా వెనక్కి తిరిగి, అంతమంది జనంలో మొగుణ్ణి వెతుక్కుని అడిగింది.

"ఏందయ్యా, వాడే గద?"

బొమ్మల విషయంలో జీవితంలో ఒక్క అబద్ధానికీ ఒప్పుకోని మనిషి. ఊరంతా ఆయన వైపు తిరిగింది. ఆయన గొంతు స్పష్టంగానే వచ్చింది.

"వాడే" అన్నారు. "మనోడే."

వదిన బూట్ల మీద తల ఆనించుకుంది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ తర్వాత సార్ చెవి మీద పెన్సిల్ నేను చూడలేదు. క్లాసులో కర్నల్ నడవలేదు. పక్కగదిలో నా పద్యాలు నిరాటంకంగా సాగాయి, నాకే అవి చప్పగా వినిపించాయి. ఊళ్ళో ఆ చోటుకు 'మిల్ట్రీ బొమ్మ' అని పేరు స్థిరపడింది. బస్సు కండక్టర్లు ఆ పేరే కేకేస్తారు. పిల్లలు బడికి వెళుతూ సలాం కొడతారు. వదిన వెళ్ళినప్పుడల్లా కొంగుతో బూట్లు తుడిచి, పూలదండ వేసి, బొమ్మతో మాట్లాడి వస్తుంది. ఆమెకు సందేహం తీరిపోయింది. ఆయన వాడే అన్నారు కదా.

చివరిసారి చూడబోయినప్పుడు సార్ ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. వదిన టీ పెట్టడానికి వెళ్ళగానే గొంతు తగ్గించి మాట్లాడారు.

"చెల్లె, ఒక్క ముచ్చట. వాని మొకం నాకు యాదికొస్తలేదు."

నాకు అర్థం కాలేదు.

"కండ్లు మూసుకుంటే బొమ్మే వస్తంది. గా తలకాయ, గా చెయ్యి. నేనంటే నమ్మింది గద మీ వదిన, నా కండ్లు గూడ నమ్మినట్టున్నయి. మన కర్నల్‌ను చూసినవు గద? వాని అసలు కాళ్ళు ఎట్లుండెనో ఇయ్యాల ఎవ్వలకు తెలుసు? బొమ్మల ఎట్లున్నయో గవే వాని కాళ్ళు. నేను ఇన్నేండ్లు నవ్విన. ఒక్కనాడన్న గీ సంగతి తోచలే."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. మాట వినని ఆ కుడిచెయ్యే. వంటింట్లో గిన్నె చప్పుడైంది. ఆయన తొందరగా, వదిన వచ్చేలోపు అయిపోవాలన్నట్టు అన్నారు.

"వాని కాళ్ళు పొడుగు చెల్లె. నువ్వు చూసినవు. నువ్వన్న యాది వెట్టుకో."

వదిన టీ తెచ్చింది. ఆయన సాసర్లో పోసుకున్నారు, తాగలేదు.

పైనుంచి మా చెల్లెలు "అక్కా, ముహూర్తమైతంది" అని కేకేసింది. లాడ్జి గోడ మీది దొర ముందు నుంచి నేను కదలలేదు. ఈయనను కన్నవాళ్ళెవరైనా ఈ బొమ్మ చూసి, మావాడు ఇలా ఉండడు అనుకున్నారేమో. అనుకుని ఎవరితో చెప్పుకుంటారు? ఫ్రేములు బాగున్నాయని కొనుక్కునేవాళ్ళతోనా?

అందుకని ఇది రాస్తున్నాను. దంతాలపల్లి దారిలో బస్సు ఆగినప్పుడు మీకు కిటికీలోంచి ఆ బొమ్మ కనిపిస్తుంది. చూడండి, వదిన అక్కడ ఉంటే దండం కూడా పెట్టండి. కానీ వాడు అలా ఉండేవాడు కాదు. వాడివి పొడుగు కాళ్ళు. పరుగు అయిపోయాక, చెమటతో, తండ్రి స్కూటర్ వెనక ఎక్కి కాలేజీ ముందు నుంచి ఇంటికి పోయేవాడు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ చెరో పక్కకు చాపేవాడు. బండి ఎటు ఒరిగితే అటుపక్క పాదం రోడ్డుకు తగిలేది. "కాళ్ళు పైకి పెట్టుకోరా" అని సార్ ముందు నుంచి అరుస్తూనే ఉండేవారు.